పాత బస్తీలో బండ్ల మ్యూజియాలు: పాలమూరు, నల్లగొండల నుంచి ఒక్క రోజులో చూసి వచ్చే విధానం

మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు నుంచి పిల్లలను వెంటబెట్టుకొని హైదరాబాద్ చూడటానికి వెళ్లే కుటుంబాలు సాధారణంగా జూ పార్కు, చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ కోట అన్నీ ఒకే రోజులో ముగించాలని బయలుదేరుతాయి. జూ పార్కుకు కూతవేటు దూరంలో, బహదూర్‌పురాలో ఉన్న సుధా కార్ల మ్యూజియం పేరు ఆ వరుసలో ఉన్నప్పటికీ, అక్కడికి చేరేసరికి పొద్దు వాలిపోతుంది, పిల్లలకు కాళ్లు పీకుతుంటాయి, పెద్దల మనసు అప్పటికే తిరుగు బస్సు మీదికి పోతుంది. బండ్లంటే ప్రాణం పెట్టే పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడు ఈ వరుసను తలకిందులు చేయడమే మేలని నా నిశ్చితాభిప్రాయం. ఒంట్లో ఓపిక ఉన్న ఉదయం వేళలోనే బండ్ల దగ్గరికి వెళ్లాలి, దానికి తోడుగా మరొక్క చోటును మాత్రమే ఎంచుకోవాలి, మిగిలినవాటిని ఇంకో ప్రయాణానికి వదిలిపెట్టాలి. ఈ పద్ధతిలో రోజును ఎలా అమర్చుకోవాలో, టికెట్లు ఎక్కడ ఎలా తీసుకోవాలో, దేని దగ్గర జాగ్రత్తపడాలో వివరిస్తున్నాను.

ఏ బండ్లు చూడవచ్చు

సుధా కార్ల మ్యూజియాన్ని కన్యబోయిన సుధాకర్ 2010లో ప్రారంభించారు. బడిలో చదువుకునే వయసు నుంచే పాత ఇనుప సామాను దుకాణాల్లో దొరికిన విడి భాగాలతో బండ్లు తయారుచేయడం అలవాటు చేసుకున్న ఆయన, 2005 జూలై 1న హైదరాబాద్‌లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిలును తొక్కి చూపించి గిన్నిస్ రికార్డుల్లో స్థానం సంపాదించారు. ఆ సైకిలు చక్రం అడ్డకొలత 17 అడుగులు. పిల్లలకు ఈ సంఖ్య చెప్పి ఊరుకోకుండా, చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి ఎంత దూరం పోతుందో లెక్క కట్టించండి. అడ్డకొలతను 22/7తో గుణిస్తే 53 అడుగులకు పైగా వస్తుంది. మన ఇంటి ముందు నిలబెట్టిన 28 అంగుళాల సైకిలు చక్రం మాత్రం ఒక చుట్టుకు ఏడు అడుగుల చిల్లర దూరమే ముందుకు పోతుంది. ప్రయాణానికి ముందు రోజు రాత్రి ఈ లెక్క చేసి పడుకున్న పిల్లవాడు మర్నాడు ప్రతి బండి దగ్గర మొదట చక్రం వైపే చూస్తాడు.

మ్యూజియంలోని బండ్లు క్రికెట్ బ్యాటు, ఫుట్‌బాల్, కెమెరా, కంప్యూటర్, పెన్ను, వంకాయ, బర్గర్, సోఫా, మంచం వంటి ఆకారాల్లో ఉంటాయి. పొగతాగడం వల్ల కలిగే హానిని జనానికి చెప్పడానికి చేసిన సిగరెట్టు ఆకారపు బండి, మహిళా దినోత్సవం సందర్భంగా చేసిన ఎత్తు మడమల చెప్పు ఆకారపు కారు కూడా వీటిలో ఉన్నాయి. ఇవి బొమ్మలు కావు. ఇంజను, స్టీరింగు, బ్రేకు అన్నీ అమర్చి, మనిషి కూర్చొని నడపగలిగేలా చేసిన వాహనాలు. ఈ సంగతిని పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లడం చాలా అవసరం, ఎందుకంటే అది తెలియని పిల్లలు వీటిని జాతరలో పెట్టిన బొమ్మల్లాగా నవ్వుకుంటూ దాటిపోతారు, తెలిసినవారు వంగి కిందికి చూస్తారు.

రెండో చోటుగా నేను సూచించేది చౌమహల్లా ప్యాలెస్. చార్మినార్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో, ఖిల్వత్ ప్రాంతంలో ఉన్న ఈ రాజభవనంలో దర్బారు హాలు, అఫ్జల్ మహల్ మొదలైన నాలుగు మహళ్లతో పాటు నిజాముల గుర్రపు బగ్గీలు, పాత మోటారు కార్లు కూడా ప్రదర్శనలో ఉన్నాయి. వాటిలో అందరినీ ఆకర్షించేది పసుపు రంగులో మెరిసే 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. దాని వెనుక భాగంలో సింహాసనాన్ని తలపించే ఎత్తైన ఆసనం ఉంటుంది. ఊరేగింపులో జనానికి ప్రభువు కనిపించాలన్న ఉద్దేశంతో చేయించిన కారు అది.

పాలమూరు వారు ఈ కారు దగ్గర ఇంకొంచెం సేపు నిలబడటానికి ఒక కారణం ఉంది. దానిని తెప్పించుకోదలచినవారు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. 1890లో పాలమూరు పట్టణానికి మహబూబ్‌నగర్ అన్న పేరు ఆయన మీదుగానే వచ్చింది. అయితే 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశారు, కారు ఆ తరువాతనే వచ్చింది. తాము రోజూ చిరునామాలో రాసుకునే ఊరి పేరు ఎవరిదో, ఆయన ఎక్కకుండానే మిగిలిపోయిన కారు ఏదో ఒకే చోట తెలుసుకోవడం మహబూబ్‌నగర్ పిల్లలకు దక్కే అవకాశం, కాబట్టి పెద్దలు ఈ మాట చెప్పడం మరచిపోకూడదు.

మూడో చోటు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం. ఏడో నిజాం రజతోత్సవానికి వచ్చిన కానుకలు ఇక్కడ ప్రధాన ఆకర్షణ అయినా, పాత కార్లు, ఆరో నిజాం దుస్తుల కోసం కట్టించిన పొడవైన చెక్క అలమరాలు, చేతితో నడిపే చెక్క లిఫ్టు కూడా ఉన్నాయి. యంత్రాల మీద నిజమైన ఆసక్తి ఉన్న పెద్ద పిల్లలైతే ఆ లిఫ్టు కోసమే వెళ్లవచ్చు. చిన్న పిల్లలతో మాత్రం రెండు చోట్లతో ఆగడమే మంచిది. జూ పార్కును ఈ రోజులో కలపకూడదు, అది ఒక రోజంతా పట్టే చోటు.

ఏ రోజు వెళ్లాలి

ఈ ప్రయాణంలో ఎక్కువమంది ఇబ్బంది పడేది టికెట్టు ధర దగ్గర కాదు, వారం దగ్గర. చౌమహల్లా, నిజాం మ్యూజియం, సాలార్‌జంగ్ మ్యూజియం మూడూ శుక్రవారం మూసి ఉంటాయి. ఆదివారం సెలవు ఉంటుందనుకొని అలవాటుగా శుక్రవారం బయలుదేరినవారు బహదూర్‌పురాలో బండ్లు చూసి, చార్మినార్ మెట్ల దగ్గర నుంచి వెనుదిరగవలసి వస్తుంది. పైగా శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదులో జుమా నమాజు వేళ ఆ దారులన్నీ కిక్కిరిసి ఉంటాయి. సుధా కార్ల మ్యూజియం వారంలో అన్ని రోజులూ ఉదయం 9:30 నుంచి సాయంత్రం 6:30 వరకు తెరిచి ఉంటుంది, కాబట్టి వారాన్ని నిర్ణయించేది చౌమహల్లాయే అవుతుంది. అది ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు ఉంటుంది. జాతీయ సెలవు దినాల్లో, అంటే జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 వంటి రోజుల్లో చౌమహల్లాకు బయలుదేరవద్దు.

వీలైనవారికి సోమవారం అన్నిటికంటే అనువైన రోజు. ఆ రోజు జూ పార్కుకు సెలవు, అందువల్ల బహదూర్‌పురా రోడ్డు మీద, ఆటోల దగ్గర, మ్యూజియం లోపల ఒత్తిడి తగ్గుతుంది. జూ పార్కుకు వచ్చిన జనమే పక్కనున్న కార్ల మ్యూజియానికీ వస్తారన్నది ఆదివారం సాయంత్రం అక్కడ నిలబడి చూసిన ఎవరికైనా అర్థమవుతుంది. సోమవారం బడి మానిపించలేని తల్లిదండ్రులు దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో వచ్చే సోమవారాన్ని చూసుకోవచ్చు. అదీ కుదరకపోతే శనివారం, ఆదివారాల్లో ఉదయం తెరిచే వేళకే అక్కడ ఉండేలా బయలుదేరాలి.

పాత బస్తీ పండుగల క్యాలెండరును కూడా ఒకసారి చూసుకోవాలి. ఆషాఢంలో లాల్ దర్వాజ బోనాలు, మొహర్రంలో బీబీకా ఆలం ఊరేగింపు, వినాయక నిమజ్జనం జరిగే రోజుల్లో పోలీసులు వాహనాలను దారి మళ్లిస్తారు. ఆ ఉత్సవాలు స్వయంగా చూడదగినవే అయినా, రెండు పనులూ ఒకే రోజు కుదరవు. రంజాన్ మాసంలో ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు చార్మినార్ పరిసరాలు ప్రశాంతంగా ఉంటాయి, సాయంత్రం నుంచి జనసముద్రంగా మారుతాయి. ఆ నెలలో వెళ్లేవారు మధ్యాహ్నం మూడు గంటలకల్లా చౌమహల్లా నుంచి బయటికి వచ్చేలా చూసుకుంటే తిరుగు ప్రయాణం సుఖంగా సాగుతుంది.

దారి ఏది

మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. జడ్చర్ల, షాద్‌నగర్, శంషాబాద్ మీదుగా వచ్చే బస్సులు ఆరాంఘర్ దగ్గర నగరంలోకి ప్రవేశిస్తాయి. కార్ల మ్యూజియం కోసం ఇమ్లీబన్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దాకా పోయి మళ్లీ వెనక్కి రావలసిన పని లేదు, ఆరాంఘర్ చౌరస్తాలో దిగి సిటీ బస్సులోనో ఆటోలోనో జూ పార్కు వైపు వెళితే సరిపోతుంది. ఆరాంఘర్ నుంచి జూ పార్కు వరకు పొడవైన వంతెన 2025 జనవరిలో ప్రారంభమైంది. పైనుంచి పోయే బస్సు మధ్యలో ఆగదు కాబట్టి, మీరు ఎక్కిన బస్సు వంతెన మీద పోతుందో కింద పోతుందో, జూ పార్కు దగ్గర ఆపుతారో లేదో శంషాబాద్ దాటకముందే కండక్టరును అడిగి ఉంచుకోవాలి.

రైలులో రావాలనుకునే పాలమూరు వారికి కాచిగూడ స్టేషను ఉండనే ఉంది. గుమ్మటాలతో, మినార్లతో 1916లో కట్టిన ఈ భవనం నిజాం కాలపు రైల్వేకు కేంద్రంగా ఉండేది. రవాణా చరిత్ర చూడటానికి బయలుదేరినవారు ప్లాట్‌ఫాం దిగగానే ఆటో వెతుక్కుంటూ పరుగెత్తకుండా, బయటికి వచ్చి రోడ్డు అవతల నుంచి ఆ భవనం ముందు భాగాన్ని ఐదు నిమిషాలు చూడాలని నా మనవి. మీరు ఎక్కిన రైలు ఫలక్‌నుమాలో ఆగేదైతే అక్కడే దిగడం ఇంకా దగ్గర, అక్కడి నుంచి బహదూర్‌పురాకు ఆటోలు దొరుకుతాయి.

నల్లగొండ నుంచి కూడా దూరం దాదాపు అంతే. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్, హయత్‌నగర్ మీదుగా వచ్చే బస్సు ఎల్బీనగర్ చేరాక రద్దీలో నెమ్మదిస్తుంది. అక్కడ దిగి మెట్రో ఎక్కితే మహాత్మాగాంధీ బస్ స్టేషన్ మెట్రో స్టేషనుకు నేరుగా చేరవచ్చు. పిల్లలకు మెట్రో ప్రయాణం కూడా ఈ రోజు పాఠంలో భాగమే కాబట్టి, బస్సులోనే కూర్చొని పోవడం కంటే ఇదే నాకు నచ్చిన దారి. దేవరకొండ, మాల్ వైపు వారు సాగర్ రోడ్డు మీదుగా ఎల్బీనగర్ దగ్గరకే వస్తారు, వారికీ ఇదే పద్ధతి పనికొస్తుంది. అచ్చంపేట, కల్వకుర్తి, ఆమనగల్లు వారు మాత్రం శ్రీశైలం రహదారిలో తుక్కుగూడ దాటి చాంద్రాయణగుట్ట దగ్గర దిగితే పాత బస్తీలోకి నేరుగా చేరినట్లే.

నల్లగొండ వైపు వారు మొదట చౌమహల్లా చూసి తరువాత బహదూర్‌పురా వెళ్లడం దారి ప్రకారం సులువు. అయినా నేను ముందుగా కార్ల మ్యూజియానికే పొమ్మంటాను. చౌమహల్లా పది గంటలకు గాని తెరవరు, బహదూర్‌పురాలో తొమ్మిదిన్నరకే తలుపులు తీస్తారు. ఎండాకాలంలో అయితే చౌమహల్లా ఆవరణలు దాటుతూ తిరగడానికి మూడు గంటల తరువాతి వేళ నయం.

టికెట్లు

ముందుగా బస్సు సంగతి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకు, బాలికలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. హైదరాబాద్‌లోని సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ ఇది వర్తిస్తుంది. అయితే తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు అసలుది చేతిలో ఉండాలి, కండక్టరు ఇచ్చే జీరో టికెట్టును తప్పకుండా తీసుకొని దిగేదాకా దాచుకోవాలి. డీలక్స్, సూపర్ లగ్జరీ బస్సుల్లో ఈ సౌకర్యం లేదు కాబట్టి, ఆలస్యమవుతోందన్న తొందరలో ఎదురుగా ఆగిన బస్సు ఎక్కేముందు అది ఏ రకమో చూడాలి. మగపిల్లలకు ఐదేళ్లలోపు టికెట్టు అక్కర్లేదు, ఆ పైన పన్నెండేళ్ల వరకు అర టికెట్టు. వయసు విషయంలో వాదన రాకుండా ఆధార్ కార్డు నకలు ఒకటి సంచిలో ఉంచుకోవడం మంచిది.

ఆర్టీసీ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ఈ సంస్థ మూలాలు 1932 జూన్‌లో నిజాం రైల్వే ఆధ్వర్యంలో 27 బస్సులతో మొదలైన రోడ్డు రవాణా విభాగంలో ఉన్నాయి. ఆర్టీసీ బస్సుల నంబరు పలకల మీద కనిపించే జెడ్ అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరుకు గుర్తు అని మన దగ్గర తరతరాలుగా చెప్పుకుంటారు. బస్టాండులో వేచి ఉండే సమయంలో ఆ అక్షరాన్ని వెతకమని పిల్లలకు చెబితే, చూడవలసిన మ్యూజియం ఇంటి దగ్గర బస్టాండులోనే మొదలవుతుంది.

రైలుకు జనరల్ టికెట్టును ఫోనులోని రైల్‌వన్ యాప్‌లో తీసుకోవచ్చు. రైలు ఎక్కిన తరువాత తీసుకోవడానికి వీలుండదు కాబట్టి ఇంటి నుంచి బయలుదేరేటప్పుడే ఆ పని పూర్తిచేయాలి. మెట్రో టికెట్టును స్టేషనులో గాని వాట్సాప్‌లో గాని కొనవచ్చు. ఒకే ఫోనులో అందరి టికెట్లూ ఉన్నప్పుడు గేటు దగ్గర ఆ ఫోను పట్టుకున్న పెద్దవారు చివర నిలబడి, ఒక్కొక్కరినీ ముందుకు పంపి, తాము ఆఖరున రావాలి. ముందు తాము దాటిపోతే వెనుక పిల్లలు అవతలే ఉండిపోతారు.

మ్యూజియం టికెట్ల విషయంలో నా సలహా సూటిగా ఉంటుంది: రెండు చోట్లా కౌంటరు దగ్గరే కొనండి. వారపు రోజుల్లో కౌంటరు దగ్గర వరుస త్వరగానే కదులుతుంది. ఒక వెబ్‌సైటులో ముందుగా డబ్బు కట్టి, బస్సు ఆలస్యమై వేరే రోజుకు మార్చుకోలేక నష్టపోయిన కుటుంబాలు నాకు తెలుసు. ఇంటర్నెట్‌లో మ్యూజియం పేరుతో వెతికితే మొదట కనిపించేవన్నీ ఆ మ్యూజియానివే కావు. మధ్యవర్తులు సేవా రుసుము అంటూ అసలు ధర మీద మరింత కలిపి వసూలు చేస్తారు, మనం అడగని చార్మినార్ గైడును కూడా దానికి జత చేస్తారు. ఆన్‌లైన్‌లోనే కొనదలచినవారు మ్యూజియం సొంత వెబ్‌సైటు అని రూఢి చేసుకొని, తేదీ, పెద్దల సంఖ్య, పిల్లల సంఖ్య మరొకసారి సరిచూసుకొని, టికెట్టు బొమ్మను ఫోనులో దాచుకోవాలి. పాత బస్తీ గల్లీల్లో నెట్ అందకపోతే ఆ బొమ్మే ఆదుకుంటుంది.

కౌంటరు దగ్గర డబ్బు ఇచ్చేముందు పైన ఉన్న ధరల బోర్డును నెమ్మదిగా చదవాలి. పెద్దలకు, పిల్లలకు ధరలు వేరు. ఎన్నేళ్ల వరకు పిల్లల టికెట్టు వర్తిస్తుందన్నది ఒక్కో చోట ఒక్కో విధంగా ఉంటుంది. కెమెరాకు విడిగా రుసుము ఉంటే, అది ఫోనుకు కూడా వర్తిస్తుందా అని అక్కడే అడగాలి. అడగకుండా లోపలికి వెళ్లి, మొదటి ఫొటో తీయగానే కాపలాదారు ఆపితే, మళ్లీ వరుసలో నిలబడటానికి బయటికి రావాలి. కుటుంబంలో ఒకే ఫోనుతో ఫొటోలు తీయాలని ముందే నిర్ణయించుకుంటే ఖర్చు తగ్గడమే కాక, మిగిలినవారు బండ్లను కళ్లతో చూస్తారు. ఫోన్‌పే, గూగుల్‌పే పనిచేసినా, వంద రూపాయల నోట్లు కొన్ని, చిల్లర కొంత దగ్గర ఉంచుకోవాలి. టికెట్టు కాగితాన్ని బయటికి వచ్చేవరకు పారేయకూడదు.

బండి దగ్గర నిలబడి

సుధా కార్ల మ్యూజియం పెద్దది కాదు. అన్నిటి ముందూ ఒక్కో క్షణం ఆగి ఫొటో దిగితే ముప్పావు గంటలో బయటపడవచ్చు. రెండు గంటలు ఉండేలా వెళ్లమని నేను చెప్పేది అందుకే. ప్రతి బండి దగ్గరా అది ఎప్పుడు తయారైందో, తయారీకి ఎంత కాలం పట్టిందో, ఎంత వేగంతో పోగలదో తెలిపే వివరాలు ఉంటాయి. చిన్న నోటుపుస్తకంలో మూడు గడులు గీసి, నచ్చిన ఐదు బండ్ల వివరాలు రాయమంటే పిల్లలు నిలకడగా చూస్తారు.

ఉదాహరణకు వంకాయ ఆకారపు బండిని తీసుకోండి. ముందు నిలబడితే కనిపించేది నున్నని ఊదారంగు దేహమే. పిల్లవాణ్ని నేల మీద గొంతుకూర్చోబెట్టి కింది నుంచి చూడమనండి, అప్పుడు చక్రాలు కనబడతాయి. ఇంజను ఎక్కడ ఉండి ఉంటుంది, వేడి గాలి బయటికి పోయే దారి ఏది, నడిపే మనిషి ఎటు నుంచి లోపలికి దిగుతాడు, లోపల కూర్చున్నాక రోడ్డు ఎలా కనిపిస్తుంది, దీపాలు ఎక్కడ పెట్టారు అన్న ప్రశ్నలు వరుసగా అడగండి. జవాబు మీకు తెలియకపోయినా ఫరవాలేదు, పిల్లవాడు బండి చుట్టూ తిరిగి వెతకడమే కావలసింది. గుండ్రని బంతి ఆకారానికీ, పొడవైన బ్యాటు ఆకారానికీ చక్రాల అమరికలో తేడా గమనించమంటే, ఆకారం మారితే బరువు ఎక్కడ నిలుస్తుందన్న విషయం మాటల్లో చెప్పకుండానే అర్థమవుతుంది. మన ఊళ్లలో ట్రాక్టరు ట్రాలీలు చేసే వెల్డింగు షాపులు, పాత బైకు ఇంజనుతో కలుపు తీసే యంత్రాలు చేసే మెకానిక్కులు ఉన్నారు. అలాంటి షెడ్డు ముందు ఒకసారైనా నిలబడిన పిల్లలకు ఈ మ్యూజియం ఇతరులకంటే ఎక్కువ అర్థమవుతుంది. బండ్లను ముట్టుకోవద్దని, లోపల కూర్చోవడానికి ప్రయత్నించవద్దని మాత్రం గేటు దగ్గరే గట్టిగా చెప్పాలి. రంగు గీత పడితే దాన్ని సరిచేయడానికి ఒక మనిషి శ్రమ పడాలి.

మధ్యాహ్న భోజనానికి ఇంటి నుంచి పులిహోర, జొన్నరొట్టెలు, పెరుగన్నం తెచ్చుకున్నవారు మ్యూజియం లోపల తినకుండా బయటికి వచ్చి తినాలి. ఆ తరువాత చౌమహల్లాకు ఆటోలో వెళ్లడం సులువు. ఎక్కేముందే ఛార్జీ మాట్లాడుకోండి, చార్మినార్ అని కాకుండా ఖిల్వత్ చౌమహల్లా గేటు అని చెప్పండి, లేకపోతే జనం మధ్య దింపి వెళతారు. లోపల దర్బారు హాలు చూడగానే చాలామందికి అలసట వచ్చి అక్కడే కూలబడతారు. కార్లు, బగ్గీలు ఎటువైపు ఉన్నాయో టికెట్టు చూసేవారినే అడిగి ముందు అటు వెళ్లండి, తరువాత దర్బారు హాలులోని దీపాలు చూస్తూ తీరిగ్గా కూర్చోవచ్చు. బగ్గీ చక్రానికీ కారు చక్రానికీ తేడాను, బగ్గీలో తోలేవాడు కూర్చునే చోటునూ కారులో డ్రైవరు చోటునూ పోల్చి చూడమని పిల్లలకు చెప్పండి. తొలి కార్లు బగ్గీల రూపాన్నే అనుసరించాయని అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

బడి పిల్లలతో వెళ్లే ఉపాధ్యాయులకు

పాఠశాల తరఫున వెళ్లేటప్పుడు ఆర్టీసీ డిపోలో అద్దె బస్సు కోసం డిపో మేనేజరుకు ముందుగా దరఖాస్తు ఇవ్వవచ్చు. పిల్లల సంఖ్య, తేదీ, చేరే వేళ రాసిన లేఖను పాఠశాల లెటర్‌హెడ్ మీద, ప్రధానోపాధ్యాయుల సంతకంతో, ముద్రతో మ్యూజియాలకు చూపి, విద్యార్థుల బృందానికి రాయితీ ఉంటే అడగాలి. పది పన్నెండు మందికి ఒక పెద్దవారు చొప్పున బృందాలు చేసి, ఒక బృందం లోపల ఉండగా రెండో బృందం బయట ఉండేలా పంపితే, అందరికీ బండి చుట్టూ తిరిగే చోటు దొరుకుతుంది. ప్రతి విద్యార్థి జేబులో ఉపాధ్యాయుల ఫోను నంబరు రాసిన చీటీ ఉండాలి. తల్లిదండ్రుల అనుమతి పత్రాలు బస్సులోనే ఒక ఫైలులో ఉంచుకోవాలి.

తిరుగు ప్రయాణం

చౌమహల్లా ఐదు గంటలకు మూస్తారు. అక్కడి నుంచి పాలమూరు వారికి ఆరాంఘర్ దారిలోనే ఉన్నట్లు అనిపించినా, సాయంత్రం ఆరాంఘర్‌లో ఆగే బస్సుల్లో సీటు దొరకడం కష్టం. పిల్లలతో ఉన్నవారు వెనక్కి వెళ్లినట్లయినా సరే, అఫ్జల్‌గంజ్ దాటి ఇమ్లీబన్ బస్ స్టేషనుకు పోయి, బస్సు బయలుదేరే చోటనే ఎక్కి కూర్చోవడం ఉత్తమం. నల్లగొండ వారికి కూడా ఎల్బీనగర్ కంటే ఇమ్లీబనే నయం. మహబూబ్‌నగర్, నల్లగొండ బస్సులు ఏ ప్లాట్‌ఫాం మీద ఆగుతాయో విచారణ కౌంటరులో అడిగి, ఎక్స్‌ప్రెస్ బోర్డు ఉన్నదే చూసుకొని ఎక్కండి. వనపర్తి, గద్వాల, మిర్యాలగూడ వంటి దూరం ఊళ్లవారు చివరి బస్సు వేళను ఉదయం దిగినప్పుడే కనుక్కొని నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోవాలి, ఆ వేళకు గంట ముందే బస్ స్టేషనులో ఉండాలి.